కొత్త బ్యాటరీకీ ఆకలేస్తుంది!

రాత్రి రెండు గంటలు. కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున ఓ చిన్న ఊరు. మా అమ్మమ్మకి ఊపిరి అందడం లేదు. నేనూ అత్తయ్యా చెరో రెక్కా పట్టుకుని ఆమెని కారు వెనక సీట్లో కూర్చోబెట్టాం. మావయ్య గబగబా ఎక్కి తాళం తిప్పాడు.

టక్... టక్... టక్.

అంతే. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ టక్ కూడా లేదు. డాష్‌బోర్డు మీద దీపాలు మినుకు మినుకుమని ఆరిపోయాయి.

'నాలుగు రోజుల కిందటేగా కొత్త బ్యాటరీ వేయించాను!' అన్నాడు మావయ్య. ఆ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది. అంబులెన్స్‌కి ఫోన్ చేశాం. బయల్దేరింది కానీ, ఆ గట్టు రోడ్డు మీద రాత్రిపూట రావాలంటే టైము పడుతుందన్నారు. అమ్మమ్మేమో 'నాకేం కాదర్రా, కంగారు పడకండి' అంటోంది. ఆ నాలుగు మాటలు అనడానికి నాలుగుసార్లు ఆగింది.

దేవుడిలా వచ్చాడు చేపల వ్యాను డ్రైవరు. తెల్లవారుజామున చెరువు పట్టించడానికి వచ్చి, మా వీధి చివర బండి ఆపుకుని నిద్రపోతున్నాడు. లేపితే విసుక్కోలేదు. 'ఉండండి బాబాయ్ గారూ' అంటూ సీటు కింద నుంచి ఎర్ర వైరూ నల్ల వైరూ తీశాడు. తన వ్యాను బ్యాటరీ నుంచి మా కారుకి తగిలించాడు. రెండు నిమిషాలాగి సెల్ఫ్ కొట్టమన్నాడు. బండి స్టార్టయింది. ఏలూరు ఆసుపత్రికి చేరేసరికి మూడున్నర అయింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, ఆలస్యం చేయకుండా తెచ్చారు కాబట్టి సరిపోయిందని డాక్టరుగారు చెప్పారు. అమ్మమ్మ ఇప్పుడు బాగానే ఉంది. నిన్నకాక మొన్న కూడా 'చేపల పులుసులో చింతపండు తక్కువైంది' అని అత్తయ్యకి వంక పెట్టింది!

కానీ ఆ రాత్రి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. కొత్త బ్యాటరీ నాలుగు రోజుల్లో ఎందుకు చచ్చిపోయింది?

మేస్త్రీ గారు చెప్పిన రహస్యం

సమాధానం తాడేపల్లిగూడెంలో దొరికింది. అక్కడ మా బంధువుల ఇంటి దగ్గర ఓ పాతకాలం బ్యాటరీ మేస్త్రీ గారున్నారు. లారీలు, ట్రాక్టర్లు, ఉల్లిపాయల బళ్లు... ఆయన చేయి పడని వాహనం ఆ చుట్టుపక్కల లేదంటారు. బ్యాటరీ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాం. ఆయన ముందు దాని మీదున్న అంకెలు చదివారు. తరవాత మీటరు పెట్టారు. 11.8 వోల్టులు.

'ఇది తయారై పదకొండు నెలలైందమ్మా. ఇన్నాళ్లూ షాపులో అలమారలో కూర్చుంది. మధ్యలో ఎవరూ దీనికి అన్నం పెట్టలేదు. అలా ఆకలి మీదున్న దాన్ని తెచ్చి మీ బండిలో పెట్టి పని చేయమన్నారు.'

'కొత్తది కదండీ?' అన్నాను.

'కొత్త కుండైనా నీళ్లు పోస్తేనే కదమ్మా నీళ్లుండేది!' అన్నారాయన నవ్వుతూ.

తరవాత ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. ఆ సాయంత్రం ఎనిమిదింటికి మావయ్య సామాను దించాక డిక్కీ తలుపు సరిగ్గా పడలేదు. లోపలి చిన్న దీపం రాత్రి రెండింటి దాకా వెలుగుతూనే ఉంది. 10 వాట్ల దీపం. అంటే 0.8 ఆంపియర్ చొప్పున ఆరు గంటల్లో తాగింది సుమారు 5 ఆంపియర్-అవర్లు. మావయ్యది డీజిల్ బండి, బ్యాటరీ 60 ఏహెచ్. నిండా ఉన్న 60 నుంచి 5 పోతే మిగిలేది 55. దర్జాగా స్టార్టవుతుంది. సగం కూడా లేని దాన్నుంచి ఆ 5 పోయేసరికి మిగిలింది డీజిల్ ఇంజిన్‌ని తిప్పడానికి చాలలేదు. అదీ జరిగింది.

తప్పు దీపానిది కాదు. దీపాలు ఇవాళ కాకపోతే రేపు మరిచిపోతాం. బ్యాటరీ బిగించే ముందు ఒక్కసారి మీటరు పెట్టి చూసి, ఒక పూట ఛార్జింగుకి పెట్టి ఉంటే ఆ రాత్రి గండం ఉండేది కాదు. ఆ సంగతులే ఈ వారం.

లోపల ఏముంటుంది?

1859లో ఫ్రాన్సుకి చెందిన గాస్టన్ ప్లాంటే సీసం రేకులని గంధకామ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ ఛార్జి చేయగలిగే బ్యాటరీ తయారుచేశాడు. 1912లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ పుణ్యమా అని కాడిలాక్ కార్లకి ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చింది. అంతకుముందు హ్యాండిల్ పెట్టి తిప్పేవారు. అది వెనక్కి తన్ని చేతులు విరిగిన వాళ్లున్నారు. అప్పటి నుంచి కారు బ్యాటరీ పెద్దగా మారలేదు. మన రాష్ట్రంలోనే, తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో మొదలైన అమర రాజా సంస్థ 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలు తెచ్చింది. పేర్లు ఎన్నయినా లోపలి సూత్రం మాత్రం ప్లాంటేదే.

డబ్బాలో ఆరు గదులు. ఒక్కో గదిలో సీసం పలకలు, సీసం డయాక్సైడ్ పలకలు, వాటి మధ్య ఆసిడ్. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. ఆరూ కలిస్తే 12.6. కరెంటు వాడుకున్న కొద్దీ పలకల మీద సీసం సల్ఫేట్ అనే తెల్లని పొర పేరుకుంటుంది. వెంటనే ఛార్జి చేస్తే ఆ పొర కరిగి పలకలు మళ్లీ శుభ్రపడతాయి. అలాగే వదిలేశామా... కొత్త ఉప్పు నీళ్లలో ఇట్టే కరుగుతుంది కానీ, తడిసి ఎండి రాయిలా గడ్డకట్టిన ఉప్పు కరగనన్నట్టు, ఆ పొర కూడా గట్టిపడిపోతుంది. ఇక ఎంత ఛార్జింగు పెట్టినా పూర్తిగా కరగదు. బ్యాటరీలో సగం చోటు రాళ్లతో నిండినట్టే. బయటికి చూస్తే మాత్రం కొత్తదే!

వాడకుండా పెట్టినా బ్యాటరీ తనంతట తాను కొద్దికొద్దిగా ఖర్చవుతూనే ఉంటుంది. ఎండలు పెరిగితే ఈ ఖర్చూ పెరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఓ లెక్క. చల్లటి దేశంలో ఆరు నెలలు నిలిచే బ్యాటరీ మన ఏలూరు వేసవిలో రేకుల షెడ్డు కింద ఆర్నెల్లు ఉంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

కొనేటప్పుడే మూడు మాటలు

షాపుకి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా మూడు అడగండి.

ఒకటి, తయారైన నెల. ప్రతి బ్యాటరీ మీదా ఆ సంగతి కోడ్ రూపంలో ఉంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. మనకి అర్థం కాకపోతే షాపతన్నే చదివి చెప్పమనాలి. మూడు నెలల లోపుది అయితే మంచిది. ఆరు నెలలు దాటితే 'ఈ మధ్య ఛార్జింగు పెట్టారా?' అని అడిగి తీరాలి.

రెండు, వోల్టులు. మీటరు పెట్టి చూపించమనండి. అది లేని బ్యాటరీ షాపు ఉండదు. ఈ లెక్క ఓ కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి. 12.6 అంతకంటే ఎక్కువైతే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక వంతు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు వంతు. అంతకంటే తక్కువైతే దాదాపు ఖాళీ. చూశారా... నిండుకీ సగానికీ తేడా అర వోల్టు కూడా లేదు! '12 వోల్టుల బ్యాటరీ, 12 చూపిస్తోంది కదండీ, బాగానే ఉంది' అని ఎవరైనా అంటే నమ్మకండి. 12 అంటే కడుపు మాడుతున్నట్టు లెక్క.

మూడు, మీ బండికి తగిన రకం. ఎన్ని ఏహెచ్, ప్లస్ కుడివైపా ఎడమవైపా, ట్రేలో సరిగ్గా కూర్చుంటుందా అన్నవి చూడాలి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లు ఇప్పుడు చాలా వచ్చాయి. వాటికి ఈఎఫ్‌బీ, ఏజీఎమ్ అనే ప్రత్యేక రకాలు ఉంటాయి. చవగ్గా వస్తోంది కదా అని మామూలుది వేయిస్తే నాలుగు రోజుల ముచ్చటే. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు కూడా 'మాకీ గొడవ లేదు' అనుకోకండి. పెద్ద బ్యాటరీ కాక, దీపాలకీ తాళాలకీ వాటిలోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది.

12.4 కంటే తక్కువ చూపిస్తే? బిగించవద్దు. ముందు ఛార్జింగుకి పెట్టమనండి. 'బండిలో వేసేయండి సార్, తిరిగితే అదే ఎక్కుతుంది' అంటారు. ఇక్కడే మనం పప్పులో కాలేసేది.

తిరిగితే ఎక్కదా?

ఎక్కుతుంది. కానీ నిండదు. ఒకసారి సెల్ఫ్ కొడితే ఖర్చయ్యే కరెంటు నిజానికి కొంచెమే. నిండుగా ఉన్న బ్యాటరీకి ఆ కొంచెం కాసేపట్లోనే తిరిగొస్తుంది. సగం ఖాళీగా ఉన్న దాని సంగతి వేరు. అది చివరి పాతిక వంతు చాలా నిదానంగా తాగుతుంది. ఎంత తొందరపెట్టినా గంటలు పట్టాల్సిందే. ఏలూరులో పవర్‌పేట నుంచి ఫైర్‌స్టేషన్ సెంటర్‌కి వెళ్లి కూరగాయలు తెచ్చుకుంటే అది ఏ మూలకి? పైగా అంతసేపూ ఏసీ, హెడ్‌లైట్లు, పాటలు... ఆల్టర్నేటర్ తయారుచేసిన దాంట్లో వాటి వాటా వాటిదే. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా హైవే మీద వెళ్లొచ్చినా ఖాళీ బ్యాటరీ పూర్తిగా నిండదు. అలా సగం కడుపుతోనే రోజులు గడుస్తాయి. లోపల ఆ తెల్లపొర గట్టిపడుతూ ఉంటుంది. రావాల్సినన్నాళ్లు రాకముందే చేతులెత్తేస్తుంది. అప్పుడు మనం కంపెనీని తిట్టుకుంటాం.

ఛార్జింగుకీ ఓ పద్ధతుంది

షాపులో పెట్టించినా, ఇంట్లో ఛార్జరుతో పెట్టుకున్నా సూత్రం ఒకటే. మేస్త్రీ గారి మాటల్లో చెప్పాలంటే 'ఆకలి మీదున్నవాడికి గంజి పోసినట్టు నెమ్మదిగా పోయాలి.'

ఏహెచ్ అంకెలో పదో వంతు ఆంపియర్లు పెడితే క్షేమం. చిన్న కార్లలో ఎక్కువగా ఉండే 35 ఏహెచ్ బ్యాటరీకి 3.5 ఆంపియర్లు. 60 ఏహెచ్‌కి 6. సగం ఖాళీగా ఉన్న 35 ఏహెచ్‌కి లెక్కేద్దాం. ఎక్కాల్సింది పదిహేడున్నర. వేడి రూపంలో కొంత వృథా అవుతుంది కాబట్టి ఇరవై ఒకటి అనుకుందాం. 3.5 చొప్పున ఆరు గంటలు. చివర్లో నెమ్మదిస్తుంది కనుక ఏడెనిమిది గంటలు. అంటే రాత్రి పెడితే పొద్దున్నకి అయిపోతుంది. 'గంటలో ఇచ్చేస్తాం' అనే ఫాస్ట్ ఛార్జింగు అత్యవసరానికి తప్ప కొత్త బ్యాటరీకి వద్దు. పలకలు వేడెక్కి వంకర్లు పోతాయి.

ఈ రోజుల్లో నిండగానే తనంతట తగ్గించేసే ఆటోమేటిక్ ఛార్జర్లు దొరుకుతున్నాయి. ఇంట్లో వాడేవాళ్లకి అవే మేలు. ఏజీఎమ్ రకానికైతే ఛార్జరు మీద ఆ మీట ఉందో లేదో చూసుకోవాలి.

వరస మరిచిపోకండి. ఛార్జరు ప్లగ్గు తీసేసి ఉండగానే ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, నల్ల క్లిప్పు మైనస్‌కి. ఆ తరవాతే స్విచ్చి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపి, ఆ తరవాతే క్లిప్పులు. ఎందుకంటే ఛార్జింగు చివర్లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, డబ్బా పేలి ఆసిడ్ మొహం మీద పడుతుంది. అందుకే తలుపులు మూసిన గదిలో, వంటింటి పక్కన, దేవుడి దీపం దగ్గర వద్దు. గాలి ఆడే వరండాయో షెడ్డో మంచిది. బీడీ, సిగరెట్టు ఆ దరిదాపులకి రాకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచండి. డబ్బా మీద చేయి పెట్టి ఉంచలేనంత వేడెక్కితే వెంటనే ఆపేయండి.

ఆసిడ్ కంట్లో పడితే చేతితో నలపకుండా కనీసం పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూనే ఉండాలి. ఆ తరవాత డాక్టరు దగ్గరికి పరుగు. నేల మీద ఒలికితే వంటసోడా చల్లి నీళ్లతో కడిగితే సరి.

ఛార్జింగు అయిన వెంటనే మీటరు పెడితే 13 చిల్లర చూపిస్తుంది. మురిసిపోకండి. అది పైపై పొంగు. పాలు పొంగినప్పుడు గిన్నె నిండినట్టు కనిపించదూ? అలాంటిదే. కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి అలా వదిలేసి అప్పుడు చూడండి. 12.6 పైన నిలబడితే బ్యాటరీ సిద్ధం. నిలబడకుండా జారిపోతుంటే లోపల ఏదో గది దెబ్బతిన్నట్టే. బిగించకముందే షాపుకి తిరిగివ్వండి.

నీళ్ల మాట

ఇప్పుడు చాలా బ్యాటరీలు సీలు వేసినవే. వాటి మూతలు పీకే ప్రయత్నం చేయకండి. మూతలున్న రకమైతే పలకలు మునిగేలా నీళ్లున్నాయో లేదో చూడాలి. పలకలు పైకి తేలి ఉంటే మునిగేంత వరకే పోసి, మిగతాది ఛార్జింగు అయ్యాక గీత దాకా పోయాలి. ముందే నిండా పోస్తే ఛార్జింగులో పొంగి బయటికొస్తుంది.

పోసేది డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లు వద్దు, కుళాయి నీళ్లు వద్దు, ఇంట్లో ఫిల్టరు నీళ్లూ వద్దు. మన కొల్లేటి పల్లెల్లో నీళ్ల సంగతి తెలిసిందేగా! ఉప్పుటేరు మీదుగా సముద్రపు ఉప్పు పైకి ఎగదన్నే ప్రాంతం. ఆ ఉప్పు, ఇనుము పలకల్ని తినేస్తాయి. ఇక ఆసిడ్ ఎప్పుడూ మనం పోయకూడదు. ఆవిరై పోయేది నీళ్లే, ఆసిడ్ కాదు.

మేస్త్రీ గారి కాలంలో కొత్త బ్యాటరీలు ఆసిడ్ లేకుండా పొడిగా వచ్చేవట. షాపులోనే ఆసిడ్ పోసి, పలకలు నానేదాకా ఆగి, అప్పుడు గంటల తరబడి తొలి ఛార్జింగు పెట్టేవారట. 'రేపు రండి' అని పంపించేసేవారు. 'అప్పుడు జనానికి ఓపికుండేదమ్మా. ఇప్పుడు పది నిమిషాల్లో బిగించి పంపాలి' అన్నారాయన. ఇప్పుడు ఎక్కువ భాగం ఫ్యాక్టరీలోనే ఛార్జి అయి వస్తున్నాయి. ఆ 'రేపు రండి' పోయింది. దాంతోపాటు ఆ పరీక్షా పోయింది.

మూతలున్న రకానికి హైడ్రోమీటరు పెట్టించుకోండి. ఆరు గదులూ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒక గది 1.250 చూపిస్తే మరోటి 1.200 చూపిస్తోందంటే ఆ గదిలో లోపముంది. ఆరుగురు అన్నదమ్ముల్లో ఒకడు మంచం పడితే మిగతా అయిదుగురూ కుంగిపోతారు. బ్యాటరీలోనూ అంతే.

ఇంకో మాట. బ్యాటరీని సిమెంటు గచ్చు మీద పెడితే ఛార్జి దిగిపోతుందని పెద్దలు చెబుతారు. చెక్క, గట్టి రబ్బరు డబ్బాల కాలంలో అది నిజమే. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకి ఆ భయం లేదు. అయినా చెక్క పీట మీద పెడితే నష్టమేం లేదు లెండి. ఆసిడ్ కారినా గచ్చు పాడవదు.

బిగించే వరస

ముందు చేతికున్న ఉంగరాలు, గాజులు తీసేయాలి. పాతది విప్పేటప్పుడు మైనస్ ముందు, ప్లస్ తరవాత. కొత్తది బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ తరవాత. ఎందుకంటే కారు ఒళ్లంతా మైనస్సే. మైనస్ తగిలి ఉండగా ప్లస్ బోల్టు విప్పుతుంటే పానా పొరపాటున బాడీకి తగిలిందా, నిప్పులు చిమ్ముతాయి. తొందరలో దీన్ని తిరగేసే వాళ్లని చూస్తూనే ఉంటాం.

టెర్మినళ్ల మీది తెల్లటి, ఆకుపచ్చటి బూజుని వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, పొడిగా తుడిచి, బిగించాక పైన కాస్త వ్యాజ్‌లైన్ రాయాలి. గ్రీజు పూసి, దాని మీద బిగించకండి. డబ్బా కదలకుండా పట్టీ గట్టిగా ఉండాలి. మన గట్టు రోడ్ల కుదుపులకి లోపలి పలకలు ఊడిపోవడానికి వదులు పట్టీయే సగం కారణం. చివరగా ఇంజిన్ ఆన్ చేసి మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ పనిచేస్తున్నట్టు. మరీ తక్కువైతే బ్యాటరీ ఎన్ని మార్చినా లాభం లేదు. జబ్బు ఒకచోట, మందు మరోచోట!

నెలకోసారి కదిలే కారు

మన జిల్లాల్లో ఇదో కొత్త సమస్య. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. నాన్నకి కారు కొనిపెడతారు. నాన్న నెలకోసారి పెళ్లికో పేరంటానికో తీస్తారు. పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోట వెళ్దామని బయల్దేరేసరికి టక్ టక్!

ఆగి ఉన్న కారు కూడా కరెంటు తాగుతుంది. అలారం, గడియారం, తాళం కోసం ఎదురుచూసే సర్క్యూటు... అన్నీ కలిసి 25 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా రోజుకి 0.6 ఏహెచ్. నెలకి 18. 35 ఏహెచ్ బ్యాటరీలో సగం మాయం! 50 మిల్లీ ఆంపియర్లయితే నెలకే అడుగంటుతుంది. వారానికోసారి అయిదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. వారానికోసారి అరగంటకి తక్కువ కాకుండా రోడ్డు మీద తిప్పాలి. ఊరెళ్తుంటే మైనస్ విప్పి వెళ్లాలి. కొత్త కార్లలో దానికి ముందు మాన్యువల్ ఓసారి చూసుకోవాలి. విప్పి పెట్టినా నెలా రెండు నెలలకోసారి మీటరు పెట్టి, 12.4కి దిగితే ఛార్జింగుకి పెట్టాలి.

చెరువుల దగ్గర కాపలా పాకల్లో కారు బ్యాటరీతో దీపాలు, ఫ్యాన్లు నడపడం మామూలే. కారు బ్యాటరీ పరుగుపందెం ఆటగాడి లాంటిది. ఒక్క ఉదుటున బలం చూపించి విశ్రాంతి తీసుకుంటుంది. రాత్రంతా బరువు మోయమంటే నాలుగు నెలల్లో పడిపోతుంది. ఆ పనికి ఇన్వర్టర్‌కి వేసే ట్యూబులర్ బ్యాటరీయే సరైనది.

ఇక ఆ చేపల వ్యాను తమ్ముడు చేసిన పని అందరూ నేర్చుకోదగ్గది. ఎర్ర వైరు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస మన బండి ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. రెండూ 12 వోల్టుల బళ్లే అయి ఉండాలి. పెద్ద లారీల్లో 24 ఉంటాయి, వాటి జోలికి వెళ్లకండి.

పాతది ఏమవుతుంది?

కొత్తది బిగించాక పాత బ్యాటరీ మిగులుతుంది. పాత సామాన్లవాడు నాలుగు రూపాయలు ఎక్కువిస్తాడని అతనికి అమ్మేస్తాం. అది ఎక్కడికి వెళ్తుందో ఆలోచించం. కొన్నిచోట్ల ఏ గట్టు చాటునో గొడ్డలితో పగలగొట్టి, ఆసిడ్ నేల మీద పారబోసి, సీసం కరిగించి పోస్తారు. ఆ పొగ పిల్లలు పీలుస్తారు. ఆ ఆసిడ్ కాలవలో కలుస్తుంది. ఇంత సీసమైతే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడుకి అది తీరని దెబ్బ. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో, అంటే దాదాపు 80 కోట్ల మందిలో, సీసం ఉండకూడనంత ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు ప్రకటించాయి. పద్ధతీ పాడూ లేకుండా బ్యాటరీలు కరిగించడం అందుకు ఓ ముఖ్య కారణమని తేల్చాయి.

ఏలూరు వాళ్లకి సీసం మాట కొత్త కాదు. 2020 డిసెంబరులో ఊళ్లో ఆరొందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో ఆసుపత్రి పాలైనప్పుడు, బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ తొలి పరీక్షల్లో చెప్పింది. తరవాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపే వేలు చూపారు. కారణం ఏదైనా, మన నీళ్లలోకీ కంచంలోకీ ఏం చేరుతోందన్న భయం అప్పుడు ప్రతి ఇంటినీ తాకింది. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిందంతా చివరికి చేరేది కొల్లేటికే. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు అది. ఆటపాకలో పెలికాన్లు తినేది ఆ చేపల్నే. మనం తినేదీ ఆ చుట్టుపక్కల చేపల్నే.

2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. కాబట్టి కొత్తది కొన్న షాపులోనే పాతది ఇచ్చేయండి. బిల్లులో దాని విలువ తగ్గిస్తారు. నాలుగు రూపాయలు తక్కువ వస్తే వచ్చాయి.

మా బ్యాటరీ సంగతంటారా? మేస్త్రీ గారు రెండు రోజులు నెమ్మదిగా ఛార్జింగు పెట్టి, ఓ రాత్రి వదిలేసి చూశారు. 12.5 దగ్గర ఆగింది. 'కొంత పోయింది. మిగిలింది పనిచేస్తుంది. కానీ నమ్మకం పెట్టుకోకండి' అన్నారు. మావయ్య దాన్ని షాపుకి తిరిగిచ్చి, వారంటీ మీద వేరేది తెచ్చాడు. ఈసారి కోడ్ చదివించి, మీటరు పెట్టించి, రాత్రంతా ఛార్జింగు పెట్టించి మరీ!

ఇప్పుడు మావయ్య కారులో ఎర్ర వైరూ నల్ల వైరూ ఉంటాయి. కొన్ని వందల రూపాయల మీటరూ ఉంది. నెలకోసారి ఆదివారం పొద్దున్న ఆయన బానెట్ ఎత్తి మీటరు పెడుతుంటే, అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ అడుగుతుంది.

'ఎంతుందిరా?'

'పన్నెండు పాయింట్ ఏడమ్మా.'

'అయితే నాకింకా భయం లేదన్నమాట' అంటుంది ఒత్తులు చేసుకుంటూ.